ఒకటో తేదీ దాకా

మా అమ్మాయి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. నేను అదే కంపెనీ గేటు దగ్గర కాపలా. అల్లుడు లోపల చలిగదుల్లో పెట్టెలు మోస్తాడు. ముగ్గురం ఒకే గోడ లోపల ఉన్నా పగలు ఒకరి మొహం ఒకరు చూసుకునేది తక్కువ.

అల్లుడు కొత్తగా చేరినవాడు. చేరిన కొన్నాళ్లకే నాలుగు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గుండెలో కవాటం పాడైందని, ఆపరేషన్ చెయ్యాలని, వచ్చే నెల దాటనివ్వొద్దని డాక్టర్ చెప్పాడు. మా వల్ల అయ్యే పని కాదు. కంపెనీ వైద్య బీమా మొదలైతేనే అవుతుంది.

అది ఎవరికి ఎప్పుడు మొదలవుతుందో లెక్కగట్టే క్వెరీ రాసింది మా అమ్మాయే. క్వెరీ అంటే కంప్యూటర్‌ని అడిగే ప్రశ్న. మనిషి చేరి తొంభై రోజులు నిండాలి. ఆ తర్వాత వచ్చే ఒకటో తేదీన బీమా మొదలు. మధ్యలో వరసగా మూడు రోజులు గేటు దగ్గర కార్డు గీకకపోతే ఆ మనిషి మానేసినట్టే. మళ్లీ వచ్చిన రోజు కొత్తగా చేరినట్టు. లెక్క మొదటికొస్తుంది.

అల్లుడు మంచం పట్టాక అమ్మాయిని అడిగాను.

"రాసింది నువ్వే కదా. ఆ తేదీ ఏదో కాస్త దిద్దెయ్యరాదూ?"

"దిద్దడానికి తేదీ ఎక్కడా రాసి ఉండదు నాన్నా. అడిగినప్పుడల్లా గేటు కార్డులు చూసి అప్పటికప్పుడు లెక్కేసి చెప్తుంది."

"మరి?"

"కార్డు గీకుతూ ఉండాలి. అంతే."

అనేసి, తన మాట తనకే కొత్తగా వినపడినట్టు గోడకేసి చూసింది.

అల్లుడి పక్క గదిలో పనిచేసే బక్కన్న ఆ కార్డు తీసుకున్నాడు. చలిగదుల్లో అందరూ తల దాకా కోట్లు తొడుక్కుంటారు. మొహాలు కనపడవు. మేస్త్రీ లెక్కపెట్టేది కార్డుల్ని. బక్కన్న రెండు గదుల పని ఒక్కడే చేస్తూ వచ్చాడు. పొద్దున గేటు దగ్గర రెండు కార్డులూ గీకి నన్ను చూసి నవ్వేవాడు.

"ఒక్క ఒళ్లు, రెండు కార్డులు, పెద్దాయనా. చలి మాత్రం డబుల్."

"వాగకుండా పో."

"పోతున్నా. మీ అల్లుడు కోలుకున్నాక మీ ఇంటి ముందే మంచమేసుకుని పడుకుంటా. ఆయన మొయ్యాలి నా పెట్టెలు."

అమ్మాయి పొద్దున్నే క్వెరీ వేసి చూసేది. వచ్చే నెల ఒకటో తేదీ. మర్నాడు చూసినా అదే. చెరువులో కొంగలా కదలకుండా నిలబడి ఉండేది ఆ తేదీ. ఇంటికొచ్చి మొగుడికి చెప్తే అతను తల ఊపేవాడు. పెదాలు రోజురోజుకీ నల్లబడుతున్నాయి. నేను చూసి, చూడనట్టు లేచిపోయేవాణ్ణి.

ఒకటో తేదీ ఇంకో వారం ఉందనగా లోపల అమోనియా గొట్టం పగిలింది.

సైరన్ మోగింది. ముక్కులు మూసుకుని అందరూ గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఇలాంటప్పుడు బయటికొచ్చినవాడు కార్డు గీకాలి. గీకితే నా పక్కనున్న కంప్యూటర్ తెర మీంచి వాడి పేరు పోతుంది. పేర్లన్నీ పోయాయి. ఒక్కటి మిగిలింది.

అల్లుడి పేరు.

బక్కన్న వైపు చూశాను. వాడు ఒట్టి చొక్కాతో వణుకుతున్నాడు. కోటు లోపలే వదిలేసి వచ్చాడు. తన కార్డు మెళ్లో ఉంది, అల్లుడిది ఆ కోటు జేబులో ఉండిపోయింది.

"ఎవరు మిగిలింది?" అని మేనేజర్ అరిచాడు.

మేస్త్రీ తెర వైపు ఒకసారి చూశాడు. "మన పెద్దాయన అల్లుడు సార్. నాకు గది తెలుసు."

గ్యాస్ ముసుగు తగిలించుకుంటున్నాడు. లావుపాటి మనిషి. పట్టీ మెడకి పట్టక రెండుసార్లు జారింది. "భయపడకు పెద్దాయనా, లాక్కొస్తా" అని నా భుజం తట్టాడు.

అమ్మాయి ఆఫీసు మెట్ల మీద నిలబడి నన్నే చూస్తోంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ నోరు తెరిస్తే అక్కడ మంచం మీద మనిషి పోతాడు. తెరవకపోతే ఈ లావుపాటి మనిషి. మేస్త్రీ తెల్లటి పొగలోకి వెళ్లిపోయాడు. తలుపు ఊగి ఊగి ఆగింది.

అప్పుడు అమ్మాయి మెట్లు దిగింది.

"సార్, మేస్త్రీగారిని వెనక్కి పిలిపించండి. మా ఆయన లోపల లేరు. ఇంట్లో ఉన్నారు. మంచం మీద."

"లోపల లేకపోవడమేంటి? కార్డు చూపిస్తోంది కదా."

"కార్డు ఉంది సార్. మనిషి లేడు."

మేనేజర్‌కి అర్థమయ్యేసరికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక చేసేదేమీ లేదు. ముసుగులో ఉన్నవాడికి పిలుపు వినపడదు. అందరం ఆ తలుపు చూస్తూ నిలబడ్డాం.

చివరికి తలుపు తెరుచుకుంది. మేస్త్రీ మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు. ముసుగు పక్కకి జారిపోయి ఉంది. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. చేతిలో బక్కన్న కోటు. దాన్ని నా కాళ్ల దగ్గర పెట్టి ఏడ్చాడు.

"కోటే దొరికింది పెద్దాయనా. మనిషి దొరకలేదు. నన్ను క్షమించు."

నోట్లోంచి నురగ వచ్చింది. అంబులెన్సులో ఎక్కించారు. బతుకుతాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట.

సాయంత్రం మేనేజర్ అమ్మాయిని పిలిచి మాట్లాడాడు. గొంతు పెంచలేదు. "అతను రాని రోజులన్నీ తీసెయ్యమ్మా. తీసేసి నీ క్వెరీ మళ్లీ వెయ్యి" అన్నాడు. తన చేత్తోనే తీసేసింది, తన చేత్తోనే వేసింది. ఎప్పుడు వచ్చి చేరితే అప్పటి నుంచి తొంభై రోజులు అని లెక్క. ఇంకా రాలేదు కాబట్టి తేదీ ఉండాల్సిన చోట ఏమీ రాలేదట. ఉట్టి ఖాళీ.

ఇద్దరం నడిచి ఇంటికొచ్చాం. అల్లుడు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు.

"సైరన్ ఇక్కడి దాకా వినపడింది మావయ్యా. ఎవరికేమైంది?"

"గొట్టం పగిలింది" అన్నాను.

పెళ్లాం వైపు తిరిగాడు. "తేదీ చూశావా? అదేనా?"

అమ్మాయి గ్లాసులో నీళ్లు పోస్తోంది. గ్లాసు నిండి నీళ్లు బల్ల మీదికి పోయినా ఆపలేదు.

"అదే" అంది.

"ఇంకో వారం. పళ్లు బిగబట్టి ఉంటాలే."

నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. అమ్మాయి అతని వీపు రాస్తూ తల మీంచి నన్ను చూసింది. నేను లేచి వెళ్లి వీధి తలుపు మూశాను.