పోచవ్వ గిర్ని మీటరు

నేను ఒక కరెంటు మీటర్ని. ఎర్రదీపం మినుకుమనే కొత్తరకం దాన్ని కాను, పొట్టలో అల్యూమినియం పళ్లెం గిరగిరా తిరిగే పాతకాలపు దాన్ని. ఆ కొత్తరకాలు వచ్చాక నా పని అయిపోయి, ప్రస్తుతం విద్యుత్ సంస్థ వారి తుక్కు షెడ్డులో, కాలిపోయిన మోటార్ల పక్కన పడి ఉన్నాను. జాలిపడకండి. నేను పుట్టింది జాలి కోసం కాదు, లెక్క కోసం. పనిచేసినన్నాళ్లు ఒక్క యూనిట్ ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. నన్ను దొంగ మీటరన్న వాళ్లున్నారు కనుక ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను.

ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించి, మూత బిగించి, మూతకు సన్నని తీగ గుచ్చి, తీగకు సీసపు బిళ్ల నొక్కారు. దాన్ని సీలంటారు. లోపలి నిజాయితీని ఎవరూ చూడరు, బయటి తీగనే చూస్తారు. మనుషుల మధ్య కూడా ఇదే పద్ధతని తర్వాత తెలిసింది.

నా మొదటి కొలువు ఒక సినిమా హాలులో. దాని యజమాని నెలనెలా బిల్లు చూసి, నేను పరుగెడుతున్నానని నెత్తిన మొట్టేవాడు. సంస్థ వారేమో నేను కుంటుతున్నానని అనుమానపడేవారు. నేను మాత్రం నా నడక నేను నడిచాను. హాలు మూతపడ్డాక నన్ను మళ్లీ పరీక్షించి, కొత్త సీలు వేసి, తిమ్మాయిపల్లి పోచవ్వ పిండి గిర్నికి పంపారు.

పోచవ్వ గొంతు గిర్ని చప్పుడును మించి వినిపించేది. పసుపు పట్టిన రోజు జొన్నలు పట్టేది కాదు, ఎంత బతిమాలినా. ఊరి ఆడవాళ్లు పొద్దున్నే గింజల డబ్బాలు వరసగా పెట్టి పొలాలకు పోయేవారు. సాయంత్రం వచ్చి, మూత కూడా తీయకుండా నెత్తిన పెట్టుకుని వెళ్లేవారు. డబ్బాలో పిండి తగ్గిందన్న మాట ఆమె ఇరవై ఏళ్లలో ఒక్కసారీ పడలేదు. ఆమె ఆస్తి అదే, గిర్ని తర్వాతి సంగతి.

దసరా వస్తే పోచవ్వ గిర్నిరాళ్లు కడిగేది, మోటారుకు పసుపు రాసేది, నాకు కుంకుమబొట్టు పెట్టి బంతిపూల దండ వేసేది. నన్ను బిగించిన చెక్క మీద మేకు లేదు. అందుకని దండను నా సీలు తీగకే కట్టేది. ఆ తీగ అందుకే ఉందని ఆమె నమ్మకం. చెప్పొద్దూ, నాకూ సంతోషంగానే ఉండేది. మొట్టికాయలు తిన్న నెత్తికి బొట్టు దొరికితే ఎవరు కాదంటారు?

ఒక ఏడాది బంతిపూలు విరగపూశాయి, దండ బరువైంది. పండగ పోయాక వాడిన దండను లాగితే తీగ పుటుక్కున తెగింది. పోచవ్వ నొచ్చుకుని, తెగిన కొసలు రెండూ కలిపి, పైన ఎర్రదారం చుట్టి, ముచ్చటగా ముడివేసింది. తన ఇంట్లో పాడైన వస్తువును తనే బాగుచేసుకున్నాననుకుంది పాపం.

రెండు వారాలకు జీపులో తనిఖీ వాళ్లు దిగారు. వాళ్ల పెద్ద, ఇంజనీరు, నా ముడి చూసి నవ్వాడు.

"సీలు తెంపి ముడేసినవ్. ఎన్నాళ్ల నుంచి ఈ దొంగ కరెంటు?"

"దొంగ కరెంటేంది సారూ? దసరాకు పూలదండ గట్టిన. తెగితే ముడేసిన. అంతే."

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ఆయన మరో మాట వినకుండా స్తంభం మీద తీగ కోయించాడు. నన్ను ఊడదీసి గోనెసంచిలో వేశారు. కాగితం రాయలేదు, ఆమె సంతకం తీసుకోలేదు. నేను సంచిలోకి జారుతుండగా చూశాను. డబ్బా కోసం వచ్చిన ఒక ముసలామె మూత తీసి, పిండిలో చెయ్యిపెట్టి చూసుకుంది. పోచవ్వా చూసింది.

మర్నాడే ఆమె ఆఫీసుకొచ్చి, మీటరును తన ఎదుట పరీక్షించమని దరఖాస్తు ఇచ్చి రసీదు పుచ్చుకుంది. ఆ ఆఫీసు మూలన గోనెసంచిలోంచి నేనంతా విన్నాను. వారం వారం వచ్చేది. పై ఆఫీసుకు పొమ్మన్నారు. పై ఆఫీసు వారు సంస్థ నడిపే ఫిర్యాదుల వేదికకు పొమ్మన్నారు. దొంగతనం మాట ఉంది కనుక తమ పరిధి కాదని ఆ వేదిక పంపేసింది. పోనీ దొంగతనం విచారించే కోర్టుకు పోదామంటే, సంస్థ అక్కడ కేసే పెట్టలేదు. దొంగ అనడానికి అందరికీ అధికారం ఉంది, కాదని తేల్చడానికి ఎవరికీ లేదు.

చివరికి ఆమె వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు వేసింది. నాలుగో నెలలో ఆ ఫోరం నన్ను తెమ్మంది. సంచితోసహా నన్ను బల్ల మీద పెట్టారు. పోచవ్వ వకీలు లేకుండా వచ్చింది. సంస్థ వకీలు ముందే లేచాడు.

"ఇది విద్యుత్ చౌర్యం ఆరోపణ మేడమ్. దీన్ని విచారించే పరిధి ఈ ఫోరానికి లేదు. ఫిర్యాదు కొట్టేయాలి."

అధ్యక్షురాలు తలూపి, "ఆయన చెప్పేది చట్టమేనమ్మా. చౌర్యం సంగతి మేం తేల్చలేం" అంది.

అయిపోయిందనుకున్నాను. పోచవ్వ కొంగు నడుముకు దోపుకుంది.

"తేల్చకుండ్రి మేడమ్. నేను దొంగనైతే దొంగల కోర్టుల కేసెయ్యుమనుండ్రి, గాడికే వచ్చి జవాబిస్త. నేనడిగేది అది గాదు. మీటరు పరీక్ష జేయుండ్రని కాయితమిచ్చిన, రసీదున్నది. ఎందుకు జెయ్యలే? నోటీసియ్యకుంట కరెంటెందుకు కోసిన్రు? బిల్లు గట్టేదాన్ని నేను. నాకు జెయ్యాల్సిన పని జెయ్యకపోతే గది ఎవరినడగాలె? మీది గాకుంటే ఎవరిదో రాసియ్యుండ్రి, గక్కడికి పోత."

అధ్యక్షురాలు వకీలు వైపు తిరిగింది. "చౌర్యం కేసు పెట్టారా?"

"పరిశీలనలో ఉందండి."

"ఎన్నాళ్లుగా?"

వకీలు కాగితాలు తిరగేశాడు.

ఉత్తర్వు రెండు వారాలకు వచ్చింది. చౌర్యం జోలికి ఫోరం పోలేదు. అడిగినా పరీక్షించకపోవడం, నోటీసు లేకుండా సరఫరా ఆపడం మాత్రం సేవలో లోపమే, అది తమ పరిధే అంది. ఆమె ఎదుట మీటరు పరీక్షించి, వెంటనే కరెంటివ్వమంది. ఇంతమంది పెద్దలు నెలల తరబడి పట్టుకోలేని తేడాను గిర్ని నడిపే మనిషి ఎలా పట్టుకుందని మీరడగవచ్చు. పసుపును, జొన్నలను కలపకుండా పట్టడం ఆమెకు ముందు నుంచీ అలవాటే.

పరీక్ష బల్ల మీద నా పళ్లెం గంటసేపు తిరిగింది. పోచవ్వ కన్నార్పకుండా చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. మూత లోపల ఎవరూ చెయ్యి పెట్టలేదని కూడా తేలింది. దొంగతనం మాటను సంస్థ రెండు వాక్యాల ఉత్తరంతో వెనక్కి తీసుకుంది.

ఆ ఉత్తరం, నన్ను పట్టుకుని ఇంజనీరే తిమ్మాయిపల్లి వచ్చాడు. కబురు తెలిసి డబ్బాలతో ఆడవాళ్లు చేరారు. నన్ను గోడకు బిగించారు, సీలు వేశారు. లైన్‌మన్ స్తంభం ఎక్కబోతే పోచవ్వ నిచ్చెన పట్టుకుంది.

"ఆగు బిడ్డా. సారూ, దొంగని అందరి ముంగట అన్నరు. కాదని కాయితం మీద రాసి నా చేతుల పెడితే ఎట్ల? వీళ్లకు సదువు రాదు."

ఇంజనీరు అటూ ఇటూ చూసి, తప్పేమీ లేదని తేలిందని గొణిగాడు.

"గిర్ని బందే ఉన్నది సారూ, చప్పుడేం లేదు. ఇనబడేటట్టు జెప్పుండ్రి."

ఆయన ముఖం ఎర్రబడింది. నిచ్చెన మీద ఆమె చెయ్యి కదల్లేదు. చివరకు గొంతు సవరించుకుని, వరసలో చివరి డబ్బా దాకా వినిపించేలా అన్నాడు.

"పోచవ్వ దొంగతనం చెయ్యలేదు. తప్పు మాది."

పోచవ్వ నిచ్చెన వదిలింది.