ఎగిరే రోజు పొద్దున

నా మొగుడు ఎలా చచ్చిపోయాడో తేల్చడానికి వచ్చిన ఇద్దరు ఆఫీసర్లకి టీ పెట్టింది నేనే. "ఇంటికొచ్చినవాళ్ళు కదమ్మా, బాగుండదు" అంది అత్తయ్య. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో, చక్కెర ఎంత వేయమంటారని అడిగాను. ఖర్మ కాకపోతే ఏమిటిది!

రెండు గుక్కలు తాగి పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకమ్మా. ఆ రోజు పొద్దున మీ ఇద్దరికీ ఏమన్నా మాటామాటా వచ్చిందా? ఇంట్లో చికాకుంటే మనిషి ధ్యాస చెదిరిపోతుంది కదా."

అంటే, హెలికాప్టర్ కొండ మీద కూలి నలుగురు కాలిపోవడానికి కారణం నా నోరన్నమాట. ఎంత చక్కగా అల్లారు! అసలు ఈ పైలట్ల క్వార్టర్స్‌లో కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకి మొదట నేర్పేదే నోరు మూసుకోవడం. నన్నూ కమాండర్ గారి భార్య పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పింది. "ఎగిరే రోజు పొద్దున ఏడుపులు, అలకలు, సణుగుళ్ళు ఉండకూడదమ్మాయ్. ఒళ్ళు కాలిపోతున్నా నవ్వుతూ పంపాలి." అలాగే పంపాను. వేవిళ్ళతో కళ్ళు తిరుగుతున్నా నవ్వాను. ఆ కడుపు పోయిన మర్నాడూ నవ్వాను. "నువ్వు బంగారం" అనేవాడాయన. ఎలా ఉన్నావని మాత్రం అడిగేవాడు కాదు. అయినా ఆయన లేని ఇంట్లో ఊపిరాడటం లేదు నాకు.

ఆ పొద్దున బూట్లు తొడుక్కుంటూ ఆయనే అన్నాడు. "హెలికాప్టర్ తోక దగ్గర అదురుతోందని పైవాళ్ళకి రెండుసార్లు చెప్పాను. ఏం కాదు, తీసుకెళ్ళమంటున్నారు." వెళ్ళొద్దన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేసి, నవ్వి, తలుపు తీశాను.

ఈ సంగతి అత్తయ్య ఒక్కదానికే చెప్పాను. "ఎక్కడా అనకే తల్లీ" అని నా రెండు చేతులూ పట్టుకుంది. "పెద్దవాళ్ళతో పెట్టుకుంటే ఈ ఇల్లు కూడా ఖాళీ చేయిస్తారు. ఎక్కడికి పోతాం? పోయినవాడు ఎలాగూ రాడు." రాడు, నిజమే. కానీ పెళ్ళాంతో పోట్లాడి, పరధ్యానంలో ముగ్గుర్ని చంపినవాడని ఆయన్ని అనిపించి, ఈ ఇంట్లో నేనెలా పడుకోను?

నా మౌనం చూసి, ఒప్పుకున్నట్టే అనుకున్నాడేమో, పెద్దాయన జాలిగా తలూపి లేవబోయాడు. వంటింటి గుమ్మంలో అత్తయ్య వద్దన్నట్టు చెయ్యి ఊపుతోంది.

"ఆ రోజు గొడవ పడలేదండీ" అన్నాను. "ఇప్పుడు పడతాను. కూర్చోండి."