పొడి మోచెయ్యి

పొద్దున్నే పిల్లకి జడ వేయడం ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్ద పని. దువ్వెన పట్టుకుని ఎవరు దగ్గరికొచ్చినా ఆ ఎనిమిదేళ్ల పిల్ల మోచేతుల నుంచి పసుపుపచ్చని చుక్కలు ఊరేవి. ముక్కుపుటాలు అదిరే చేదు వాసన. తల్లి చనిపోయినప్పటి నుంచీ అంతే. టీచరు ఆమెని కిటికీ పక్కన కూర్చోబెట్టేది. పోస్ట్‌మన్ చిరునామా చూడకుండా వాసన పట్టుకునే వచ్చేవాడు. గడియారాలు బాగుచేసే నాన్న ముక్కుకి రుమాలు కట్టుకుని, జడ వంకరటింకరగా వేసి బడికి పంపేవాడు.

నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాక ఇంటికి వచ్చిన పిన్ని, పురుగుల మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో వాటికి మేత వేసి, డబ్బాలు శుభ్రం చేసేది. మొదటిరోజు ఆమె దువ్వెన తీసుకోగానే చుక్కలు ఆమె ఒళ్లో పడ్డాయి.

"కావాలని చేయట్లేదు," అంది పిల్ల తల దించుకుని.

"తెలుసమ్మా. మా డబ్బాల్లో ఎర్ర రెక్కల మీద నల్లమచ్చలున్న బుల్లి పురుగులుంటాయి. పట్టుకుంటే వాటి మోకాళ్ల దగ్గర ఇలాగే చేదు ఊరుతుంది. పిట్టలు నోట్లో పెట్టుకుని థూ అని ఊసేస్తాయి. పాపం, కోరల్లేవు, కొమ్ముల్లేవు. వాటికున్న అండ అదొక్కటే."

"మరి నువ్వేం చేస్తావు?"

"చెయ్యి కదపకుండా ఉంచుతాను. భయం తీరాక అవే ఎక్కుతాయి."

ఆ రోజు నుంచి పిన్ని దువ్వెన పక్కన పెట్టి ఊరికే కూర్చునేది. పిల్ల జుట్టు విరబోసుకునే బడికి వెళ్లేది. ఇరవై రోజులకి తనే వచ్చి వీపు తిప్పి కూర్చుంది. చుక్కలు ఊరుతూనే ఉన్నాయి. పిన్ని ముక్కు మూసుకోలేదు.

ఆ ఆదివారం మేనత్త వచ్చింది.

"ఈ కంపులో నీ కొత్త కాపురం ఎన్నాళ్లు నిలుస్తుందిరా? హాస్టల్లో చేర్పిస్తాను. పెట్టె సర్దండి."

అక్క గీసిన గీత నాన్న ఏనాడూ దాటలేదు. మేనత్త పిల్ల కుడిచెయ్యి పట్టుకుంది. పిల్ల వెనక్కి జరిగి పిన్నిని ఆనుకుంది. పిన్ని పిల్ల ఎడమ మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా కాదు, ఊరికే.

కుడి మోచేతి నుంచి చేదు ధార కట్టింది. మేనత్త ముక్కు మూసుకుని వాకిట్లోకి పరుగు తీసింది.

నాన్న పాత గుడ్డ తెచ్చి మోకాళ్ల మీద కూర్చుని తుడిచాడు. ఎడమచెయ్యి తుడవబోయి ఆగాడు. పిన్ని వేళ్ల మధ్య ఆ మోచెయ్యి పొడిగా ఉంది. ఆగిపోయిన గడియారం వెనకమూత తీసి చూసినట్టు, ఆయన చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత లేచి వాకిట్లోకి వెళ్లాడు.

"అక్కా, పిల్ల ఇక్కడే ఉంటుంది," అన్నాడు. "వాసన తగ్గేదాకా ఈ మెట్టు మీద కూర్చో. టీ తెస్తాను."