ఇన్‌స్పెక్టరమ్మ బిళ్ల

లిఫ్ట్ మెకానిక్‌కు అత్తగారంటే భయం లేదు, గౌరవం ఉంది. భయమల్లా అత్తగారి పిల్లితోనే. పదకొండేళ్ల బూడిదరంగు పిల్లి అది. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ముందు వాసన చూసి, చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపల దూరే సందుందేమో పరీక్షించి గానీ వదలదు. అందుకే దానికి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పడింది.

నలభై ఏళ్లు దర్జీ కొట్టు నడిపిన అత్తగారు, ఆ కొట్టున్న భవనం పడగొట్టేస్తున్నారని తెలిశాక, కూతురి దగ్గరికి రావడానికి సగం మనసుతో ఒప్పుకున్నారు.

"ఒక్క నెల ఉండి చూస్తా. నచ్చకపోతే మా ఊళ్లోనే ఇంకో కొట్టు చూసుకుంటా. పిల్లి కూడా వస్తుంది. దారిలో దానికేమన్నా అయిందో, అక్కణ్ణించే నన్ను వెనక్కి దింపెయ్యాలి. మళ్లీ రమ్మని అడగొద్దు," అన్నారు ఫోన్లో.

మెకానిక్ భార్యకు మాత్రం తల్లి దగ్గరుండాలని కొండంత ఆశ. "ఏవండీ, ఆ పిల్లిని కంటికి రెప్పలా చూసుకోవాలి, మీ ఇష్టం," అంది. మీ ఇష్టం అని ఆమె అన్నదంటే అందులో ఆయన ఇష్టమేమీ లేదని అర్థం.

మూడు రోజుల ప్రయాణం. రైల్లో పిల్లి గగ్గోలు పెడుతుంది. అందుకని మెకానిక్ భార్యతో అత్తగారి ఊరు వెళ్లి, అక్కడే ఒక ఇల్లుబండి అద్దెకు తెచ్చాడు. పొయ్యి, మంచం, బుల్లి స్నానాలగది అన్నీ అందులోనే. అన్నిటికన్నా వింత దాని పడకగది. బండి ఆగాక ఒక మీట నొక్కితే గది మొత్తం మూరన్నర పక్కకు జరిగి బయటికి వస్తుంది. బయల్దేరేముందు మళ్లీ నొక్కితే లోపలికి సర్దుకుంటుంది.

ఆ మీట చూడగానే మెకానిక్‌కు వృత్తిధర్మం గుర్తొచ్చింది. లిఫ్ట్ గొయ్యిలోకి దిగేవాడు ముందు స్విచ్చి దగ్గర తన పేరున్న ఎర్రబిళ్ల తగిలిస్తాడు. అది అక్కడున్నంతసేపూ లిఫ్టును ఎవరూ కదపకూడదు. ఎవరి బిళ్ల వాళ్లే తియ్యాలి, ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకరి బిళ్ల ముట్టుకోకూడదు. ఆ పద్ధతే ఇక్కడా పెట్టాడు. మీట పక్కన కొక్కానికి ముగ్గురి పేర్లతో మూడు ఎర్రబిళ్లలు వేలాడదీశాడు. బయల్దేరేముందు ముగ్గురూ తమ తమ సీట్లకు వెళ్తూ ఎవరి బిళ్ల వాళ్లు తీసుకోవాలి. కొక్కెం ఖాళీ అయితేనే మీట నొక్కడం.

"మరి మా ఇన్‌స్పెక్టరమ్మకేదీ బిళ్ల?" అన్నారు అత్తగారు ఎగతాళిగా.

మెకానిక్ నిజంగానే ఆలోచనలో పడ్డాడు. అది చూసి ఆవిడ నవ్వుకుని, సంచిలోంచి బూడిదరంగు బొచ్చుగుడ్డ తీసి, అరగంటలో అచ్చం పిల్లి రంగులో ఒక గుండ్రటి బిళ్ల కుట్టి ఇచ్చారు. మిగిలిన గుడ్డతో పిల్లి బుట్టలోకి మెత్తటి దిండు కూడా కుట్టారు.

"దానికి చేతుల్లేవు కదా, దాని తరఫున నేను తీస్తాను," అన్నారు.

"బుట్టలో ఉందని చూశాకే తియ్యాలండీ అత్తయ్యగారూ."

"చిత్తం అల్లుడుగారూ."

బండి కదిలినంతసేపూ పిల్లి బుట్టలోనే ఉండేది, బుట్ట సీటు బెల్టుకు బిగించి ఉండేది. ఆగినప్పుడు ముందు తలుపులు, కిటికీలు మూశారో లేదో చూసుకుని, ఆ తర్వాతే బుట్ట తెరిచేవారు. దాని ఇసుకతొట్టి స్నానాలగదిలో, నీళ్లగిన్నె పొయ్యి కింద. ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది.

కానీ మొదటి సాయంత్రం బండి ఆపి గది బయటికి జరిపాక, పిల్లి మాయమైంది. తలుపు తియ్యలేదు, కిటికీ తియ్యలేదు. ఉన్నదే పదడుగుల ఇల్లు. అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది. ఎడమ చెవి మీద నల్లటి మరక.

రెండో సాయంత్రమూ అంతే. అదే మాయం, అదే చెవి, అదే మరక. మెకానిక్‌కు నిద్ర పట్టలేదు. ఎక్కడికి వెళ్తోందిది? పొయ్యి వెనక చూశాడు, మసి లేదు. అలమర ఖాళీ చేసి మళ్లీ సర్దాడు. ఇసుకతొట్టి కూడా ఎత్తి చూశాడు. మరకను గుడ్డతో తుడిచి వాసన చూస్తే పిల్లి తిన్న చేప వాసన తప్ప ఇంకేమీ తగల్లేదు.

"దాని గుట్టు దానికుంటుంది, వదిలెయ్యండి," అన్నారు అత్తగారు. వదిలెయ్యడం ఆయనకు చేతకాని పని. ఎక్కడో కిర్రుమంటే ఎందుకో తెలిసేదాకా అన్నం సహించని మనిషి.

మూడో రోజు ఉదయం పది గంటలకల్లా, రాత్రి బండి నిలిపిన మైదానం ఖాళీ చెయ్యాలి. వెనక ఇంకో ఇల్లుబండి వాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ముందురోజు గది జరిగేటప్పుడు కిర్రుమన్నదని మెకానిక్ బండి కింద దూరి, అది జరిగే ఇనప పట్టాలు చూసి, చేతులు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. భార్య సీట్లో కూర్చుని ఉంది. కొక్కానికి తన బిళ్ల ఒక్కటే మిగిలింది, అదీ తీసుకున్నాడు.

"పిల్లి?"

"బుట్టలో పడుకుంది. మూత సందులోంచి తట్టి మరీ చూశా," అన్నారు అత్తగారు తన బెల్టు పెట్టుకుంటూ.

వెనక మళ్లీ హారన్. మెకానిక్ మీట మీద బొటనవేలు పెట్టాడు. ఆ వేలికి నల్లటి జిడ్డు అంటుకుని ఉంది, పట్టాలది. ఈ నలుపు ఎక్కడో చూశానే అనుకున్నాడు. చూసింది పిల్లి చెవి మీద.

వేలు తీసేశాడు.

"అత్తయ్యగారూ, ఒక్కసారి బుట్ట తెరిచి చూపిస్తారా?"

ఆవిడ ముఖం మాడిపోయింది. "నా మాట మీద నమ్మకం లేదా? నలభై ఏళ్లు చేత్తో తడిమి ఏ గుడ్డో చెప్పినదాన్ని. నా పిల్లిని నేను పోల్చుకోలేనా?"

"అమ్మ చెప్తోందిగా, నొక్కెయ్యండీ," అంది భార్య, కళ్లతో బతిమాలుతూ. ఇక్కడ గొడవైతే అమ్మ ఇటునుంచి ఇటే వెళ్లిపోతుందని ఆమె భయం. ఆ భయం మెకానిక్‌కూ ఉంది. అయినా మీట దగ్గర్నుంచి కదల్లేదు.

"తిట్టండి, పడతాను. చూసేదాకా మాత్రం నొక్కను."

అత్తగారు విసురుగా బెల్టు విప్పి బుట్ట తెరిచారు. లోపల చెయ్యిపెట్టి బయటికి తీసింది దిండు. ఆవిడ కుట్టిన బూడిదరంగు బొచ్చుదిండే. కిటికీలోంచి పడ్డ ఎండకు ఒళ్లులాగే వెచ్చగా ఉంది. రంగు అంత చక్కగా కలిపి కుట్టిన చేతులే మోసపోయాయి.

మెకానిక్ నేల మీద బోర్లా పడుకుని, మంచం అడుగున టార్చి వేశాడు. గోడకూ పట్టాకూ మధ్య బెత్తెడు సందు. అందులో రెండు ఆకుపచ్చ కళ్లు. మీట నొక్కి ఉంటే గది ముందుగా వచ్చి ఆనేది అక్కడే.

పిలిస్తే రాలేదు. చేప పెడితే రాలేదు. తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడాయనకు తట్టింది. మూడు రోజులుగా ఈ ఇన్‌స్పెక్టరమ్మ పరీక్షించని వస్తువు బండిలో ఒక్కటే ఉంది. వెళ్లి తన పనిముట్ల పెట్టె తెచ్చి, మూత తీసి, నేల మీద పెట్టి దూరంగా కూర్చున్నాడు. రెండు నిమిషాలకు చెవి వచ్చింది, మీసం వచ్చింది, ఆ వెనకే మనిషిని లెక్కచెయ్యని ఆ నడక వచ్చింది. పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, పానాల మీద ఎక్కి కూర్చుంది.

అత్తగారు దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చేశారు. మెకానిక్ ఆ సందులోకి దారి లేకుండా మంచం అడుగున చెక్కముక్క అడ్డం కొట్టాడు. హారన్ కొట్టినవాడు కూడా వచ్చి సంగతి విని, వెళ్లి తన బండిలో కూర్చున్నాడు.

ఆ తర్వాత దారంతా అత్తగారు నోరు విప్పలేదు. నా మాట కాదన్నాడని మనసులో పెట్టుకున్నారేమో, వెళ్లిపోతానంటారేమో అని మొగుడూపెళ్లాలు అద్దంలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చీకటి పడేవేళకు ఇల్లు చేరారు. ఆవిడ పెట్టె విప్పలేదు, కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"అల్లుడుగారూ, ఒక సుత్తీ, రెండు మేకులూ ఇస్తారా?"

ఆయన ఇచ్చాడు. ఆవిడ వీధి తలుపు పక్కన మేకులు రెండూ కొట్టి, ఒకదానికి బూడిదరంగు బిళ్ల, రెండోదానికి తన ఎర్రబిళ్ల తగిలించారు.

"ఎవరి బిళ్ల వాళ్లే తియ్యాలన్నారు కదూ?"

"అవునండీ. మీరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు."

"అయితే ఉండనివ్వండి," అని ఆవిడ లోపలికి నడిచారు.