మూడో బెల్లు కొట్టాక

నేను ఒక రేకు బోర్డుని. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నీలం రంగు మీద తెల్లక్షరాలు. నెత్తిన "ప్రేక్షకులకు మనవి" అని ఉంటుంది. రేపల్లెలో నాటకాల హాలు గుమ్మం పక్కన ఇరవై రెండేళ్లు వేలాడాను. ఇప్పుడు గ్రీన్‌రూములో కిటికీ అద్దం పగిలితే అక్కడ నన్ను అడ్డం పెట్టారు. నా చోట్లోకి ఫ్లెక్సీ వచ్చింది. దాని మీద ప్రెసిడెంటు గారి మొహమే నా ఒళ్లంత ఉంది. పోనీలెండి, దాని గొడవ మనకెందుకు!

నన్ను రాసింది పెయింటర్ యేసురత్నం. పాపం, మంచివాడు. హాలు సెక్రటరీ గారు చెప్పింది చెప్పినట్టు వాడు రాసి, రంగు ఆరబెట్టాక, "అయ్యో, 'దయచేసి' మర్చిపోయామయ్యా" అన్నారాయన. ఇక చోటేదీ? మూలకి ఇరికించి రాశాడు. మర్యాదంతా మూలకి పోయింది, ఆజ్ఞలన్నీ మధ్యలో మిగిలాయి. నేను గయ్యాళిదాన్నని జనం అనుకుంటే తప్పు నాది కాదు.

ఇంతకీ నేను చెప్పేది ఏముందండీ? నాటకానికి అరగంట ముందు రండి. మొదటి బెల్లుకి టీ గ్లాసు కింద పెట్టండి, రెండో బెల్లుకి కుర్చీలో కూర్చోండి. మూడో బెల్లు కొట్టాక తలుపు తియ్యరు, మళ్లీ రంగం మారినప్పుడే. ముందు రెండు వరసలు న్యాయనిర్ణేతలవి, తువ్వాలు వేసి ఆపుకోకండి. పిల్లాడు ఏడిస్తే బయటికి ఎత్తుకెళ్లండి. వేరుశనక్కాయలు లోపల వలవకండి. నాటకం జరుగుతుండగా స్టేజీ ఎక్కి దండలు వెయ్యకండి. ఈ ఆఖరుది ఎందుకంటే, ఒకసారి ఓ అభిమాని యుద్ధంలో చచ్చిపడున్న వీరుడికి దండ వేశాడు. ఆ శవం లేచి కూర్చుని, సభకు నమస్కారం పెట్టి, మళ్లీ పడుకుంది. సెల్‌ఫోన్లు వచ్చాక వాటి గురించి కూడా అడుగున ఒక లైను తగిలించారు.

ఇవన్నీ ఒక ఎత్తు, "వన్స్ మోర్ అనరాదు" అన్నది ఒక ఎత్తు. పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరవడం, అరవగానే నటుడు మళ్లీ పాడటం మన దగ్గర తాతల నాటి అలవాటు కదా. కానీ పోటీ నాటకానికి గంటన్నరే టైము. ఒక్క నిమిషం దాటినా ఆ నాటక సమాజానికి ఏ బహుమతీ ఇవ్వరు. అందుకని ఆ మాట ఒక్కటీ ఎర్ర రంగుతో రాయించారు.

ఎవరన్నా చదివితేగా! నాకు వీపు ఆనించి కబుర్లు చెప్పుకునేవాళ్లు, నా మీద సున్నం వేలు తుడిచేవాళ్లు. నన్ను అక్షరం పొల్లుపోకుండా పాటించినవాడు ఒక్కడే, గేటు దగ్గరుండే మస్తాన్. మనిషి మెత్తన, మాట కచ్చితం. సొంత బావమరిది ఆలస్యంగా వస్తే, "బావా, బోర్డు చూసుకో" అని బయటే నిలబెట్టాడు. ఆ తలుపు తూర్పు వైపుది లెండి. పగటి ఆటల్లో అది జానెడు తీసినా ఎండ సూటిగా పోయి స్టేజీ మీద పడుతుంది. చీకటి అడవిలో తిరుగుతున్న రాజుగారి మొహం మీద ఉన్నట్టుండి ఎండ కొడితే ఇంకేం నాటకం?

ఒక ఏడాది పోటీల్లో పొద్దున పది గంటల నాటకం పానకాలు గారిది. ముప్ఫై ఏళ్లుగా రాజు వేషం కట్టే మనిషి. పోయిన రెండు సార్లూ ఉత్తమ నటుడి బహుమతి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఈమధ్య గొంతు పాడై, పై శ్రుతి అందుకుంటే రక్తం పడుతోంది. ఇంక పాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని ఇదే ఆఖరి వేషం అని ఆయనే అందరికీ చెప్పుకున్నాడు.

మూడో బెల్లు కొట్టారు. మస్తాన్ తలుపు మూసి గడియ పెట్టాడు. ఇంకో ఐదు నిమిషాలకి ఆటో దిగి ఒకావిడ పరుగున వచ్చింది. పానకాలు గారి భార్య నాంచారమ్మ. కూతురి బారసాలనాడు ఆయన పొరుగూళ్లో కిరీటం పెట్టుకుని కూర్చున్నాడని, ఆనాటి నుంచి నాటకాల హాలు గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ముప్ఫై ఏళ్లూ తొక్కలేదు కూడా.

"నాయనా, తలుపు తియ్యి. రైలు గేటు పడి ఆటో ఆగిపోయింది" అంది, రొప్పుతూ.

"మూడో బెల్లు అయిపోయిందమ్మా. రంగం మారగానే పంపిస్తా."

"రంగం మారితే నాకెందుకయ్యా? యుద్ధం నుంచి వచ్చిన రాజు రాణిని క్షమించమని అడిగే పద్యం మొదటి రంగంలోనేనట కదా. వినని వాళ్లు లేరు ఈ తాలూకాలో. బజారుకెళ్తే కూరగాయలామె కూడా చెబుతుంది, 'మీ ఆయన ఆ పద్యం పాడితే ఏడుపొచ్చిందమ్మా' అని. వినంది నేనొక్కదాన్నే. మళ్లీ పాడడుగా ఆయన."

మస్తాన్ నా వంక చూశాడు. నేనేం చెయ్యను? నా నోట ఉన్న మాట ఉన్నట్టే ఉంది. నిజం చెబుతున్నా, ఆ క్షణాన యేసురత్నం కొంచెం కిరసనాయిలు గుడ్డతో వచ్చి నన్ను తుడిచేస్తే బాగుండుననిపించింది.

లోపల హార్మోనియం అందుకుంది. ఆవిడ చెవి తలుపుకి ఆనించింది. మందపాటి టేకు తలుపు, పైగా లోపల ఫ్యాన్ల హోరు. రాగం వస్తోంది గానీ మాట ఒక్కటీ తెలియడం లేదు. "ఏమంటున్నాడు? ఏమంటున్నాడయ్యా?" అని అడుగుతోంది. మస్తాన్‌కి ఆ పద్యం కంఠతా వచ్చు. అయినా చెప్పలేదు. తన నోటితో చెప్పే మాటలా అవి?

పద్యం అయిపోయింది. చప్పట్లు మోగాయి. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూలబడింది.

చప్పట్లు ఇంకా ఆగకముందే మస్తాన్ గడియ తీశాడు. ఆవిడ రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, వెనక వరసలో కూర్చోబెట్టి, తలుపు ముయ్యకముందే గుమ్మంలో నిలబడి గొంతు చించుకుని అరిచాడు: "వన్స్ మోర్!"

హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. అరిచింది మస్తాన్ అని చూసి నివ్వెరపోయారు. గేటు మనిషే అన్నాక ఇంక మనకేం భయమనుకున్నారేమో, నలుగురు అందుకున్నారు, తర్వాత నలభై మంది. స్టేజీ మీద పానకాలు గారు హార్మోనియం వైపు చూశాడు. టైము సంగతి ఆయనకి తెలియదా? కానీ ముప్ఫై ఏళ్లలో ఆ మాటకి కాదన్న నటుడు కాడు. మళ్లీ మొదలెట్టాడు.

ఆలాపనతో కలిపి ఆరు నిమిషాలు. నాటకం నాలుగు నిమిషాలు దాటింది. "బహుమతులకు పరిగణించడం లేదు" అని మైకులో చెప్పేశారు. సెక్రటరీ గారు అందరి ముందూ మస్తాన్‌ని కడిగేశారు. వాడు తల వంచుకుని ఆ మాటలన్నీ పడ్డాడు.

కాసేపటికి పానకాలు గారు మొహానికి రంగుతోనే గుమ్మంలోకి ఊడిపడ్డాడు.

"ఏరా మస్తానూ, నీకేం అన్యాయం చేశాన్రా? ఆఖరి నాటకం! చేతిదాకా వచ్చింది నేలపాలు చేశావు కదరా!"

మస్తాన్ పక్కకి జరిగాడంతే. వెనక నాంచారమ్మ నిలబడి ఉంది.

"అతన్నేం అనబాక. నా కోసం అరిచాడు. మొదటిసారి నాకు అందలా" అంది.

ఆయన కోపమంతా ఎటు పోయిందో, కిరీటం చంకలో పెట్టుకుని బడిలో తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. "విన్నావా?" అన్నాడు. ఉన్న కాస్త గొంతూ ఆ కేకలతో పోయింది, గాలి మాత్రమే వస్తోంది.

"విన్నాలే."

"మరి?"

ఆవిడ చెంగుతో ఆయన నుదుటి మీద కారుతున్న రంగు తుడిచింది. తుడుస్తూ, "ఆ రాణి ఏం మాట్లాడకుండా వెళ్లిపోయిందేంటి?" అంది. "నేనైతే అట్లా పోను. పద, ఇంటికి పోదాం."