టీ బల్ల దగ్గర నవ్వు

ఆమె ఎడమ చేతికి పుట్టుకతోనే రెండే వేళ్లు. కుట్టు దుకాణంలో కాజాలు తీయడం, గుండీలు కుట్టడం ఆమె పని. తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నా, సాయంత్రం అందరూ టీకి లేచినప్పుడు ఆమెను రమ్మన్నవాళ్లు లేరు. పొమ్మన్నవాళ్లూ లేరు.

ఆ నెల ఇస్త్రీకి కొత్త మనిషి వచ్చాడు. నలభై ఏళ్లవాడు, బల్ల ఎత్తుకు మించడు. పీట మీద నిలబడి ఇస్త్రీ చేసేవాడు. అతని చెయ్యి పడితే చొక్కా మీద ముడత మిగిలేది కాదు.

ఓ రోజు కటింగ్ మాస్టరు అటూ ఇటూ చూసి, "ఏడీ మన ఇస్త్రీ ఆయన?" అన్నాడు.

ఆమె నోరు జారింది. "ఓసారి కవర్లు విప్పి చూడండి మాస్టారూ, ఏ చొక్కాలోనో పెట్టి మడతేసుంటారు!"

దుకాణమంతా గొల్లుమంది. "నీకు నోట్లో నాలుక లేదనుకున్నానమ్మా ఇన్నాళ్లూ! రా, టీ తాగుదువుగాని" అన్నాడు మాస్టరు. బల్ల దగ్గర జరిగి చోటిచ్చారు.

అప్పుడు కనిపించాడతను, బట్టల మూటల వెనక, నీళ్ల సీసా పట్టుకుని. అంతా విన్నాడని ముఖమే చెప్పింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. అయినా లేవలేదు. అందరితోపాటు ఇంకో రెండుసార్లు నవ్వింది కూడా. ఇంటికెళ్లాక ఆ నవ్వే ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు అందరికన్నా ముందే వచ్చి అతని దగ్గర నిలబడింది.

"అన్నా, నిన్న తప్పు మాటన్నాను."

అతను ఇస్త్రీ పెట్టె ఆపలేదు. "అనేవాళ్లు నాకు కొత్త కాదమ్మా. నువ్వంటావనుకోలేదు, అంతే."

"ఎందుకన్నానంటే..."

"తెలుసులే. ఇదివరకు పనిచేసిన చోట ఓ నత్తివాడుండేవాడు. వాడిలా మాట్లాడి చూపించి నేనూ నవ్వించా. నన్ను నెత్తిన పెట్టుకున్నారు. వాడు పని మానేశాడు."

ఆమె తన చోటికి వెళ్లి గుండీల డబ్బా ముందేసుకుంది.

సాయంత్రం మాస్టరు కన్నుగీటి, "ఇవాళేం లేదా మన బుడ్డోడి మీద?" అన్నాడు.

"నిన్న నేనన్నది తప్పు మాస్టారూ. మీరు నవ్వడమూ తప్పే."

ఆ తర్వాత ఆమెను టీకి పిలవలేదు. ఇస్త్రీ అతనూ పలకరించలేదు. ఆమె చొక్కాలు తెచ్చిస్తే తలెత్తకుండా అందుకునేవాడు. క్షమించాడో లేదో అడగడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.