నిదానంగా బదులిచ్చే బండ

పొద్దున్న ఎనిమిదింటికి ఫలహారం. తొమ్మిదింటికల్లా పెట్టె తెచ్చి మెట్ల దగ్గర పెట్టెయ్యాలి. వ్యాను వచ్చి దాన్ని తర్వాతి ఊరి బసకి చేరవేస్తుంది. మనిషి మాత్రం వీపున చిన్న సంచీ వేసుకుని, అందులో రెండు శాండ్‌విచ్‌లూ ఒక ఆపిలూ వానకోటూ పెట్టుకుని, నడుచుకుంటూ పోయి సాయంత్రానికి ఆ పెట్టెని కలుసుకోవాలి. వెంట ఎవరూ రారు. మెళ్ళో ప్లాస్టిక్ తొడుగులో వేలాడే కాయితమే దారి చెప్తుంది. "రాతి గోడ దాటాక చర్చి గోపురం కేసి నడవండి. పొలంలో ఎద్దు ఉంటే చుట్టూ తిరిగి పొండి."

ఊరూరా బస చేస్తూ సాగే ఆ సెలవుల యాత్రలో డోరీన్ ఆక్‌రాయిడ్ అలా మూడు రోజులు నడిచింది. స్టాక్‌పోర్ట్‌లో బడిపిల్లలకి ఇరవై ఆరేళ్ళు వండిపెట్టి రిటైరైన మనిషి, అరవై నాలుగేళ్ళది. యార్క్‌షైర్ లోయల్లో అది మే నెల. గొర్రెపిల్లలు తల్లుల చుట్టూ గెంతుతున్నాయి. ఆమె వాటికేసి పెద్దగా చూడలేదు. మూడో రోజు సాయంత్రం స్కార్‌బెక్ అనే ఊరు చేరి, ఆ రాత్రి బస అయిన 'నల్ల పొట్టేలు' పబ్బు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"పెట్టె నీకంటే ముందే వచ్చేసింది తల్లీ," అంది పబ్బు నడిపే ఐలీన్. ఆవిడకి డెబ్బై దాటాయి. ఆరేళ్ళుగా ఇద్దరి మధ్యా క్రిస్మస్ కార్డులు నడుస్తున్నాయి గానీ ముఖాలు చూసుకోవడం ఇదే మొదలు. "మూడో నంబరు గది ఇచ్చాను. మీ ఆయన పడుకున్నదీ అందులోనే. మార్చమంటే మారుస్తాను."

"వద్దు. ఉండనివ్వండి." డోరీన్ బూట్లు విప్పుతూ అడిగింది, "ఆ పొద్దున్న ఏం తిన్నాడు?"

"రెండు గుడ్లు, ఒక సాసేజీ. రెండోది వదిలేశాడు."

"ఇంట్లో నా పళ్ళెంలోది కూడా లాక్కుని తినేవాడు."

ఐలీన్ బూట్లు తీసుకెళ్ళి పొయ్యి పక్కన ఆరబెట్టింది.

నార్మన్‌కి కుడీ ఎడమా తెలిసేది కాదు. చదువుకున్నవాడే, గడియారాలు బాగుచేసేవాడు. కానీ ఎడమ చెయ్యి చూపించమంటే ఒక్క క్షణం తడుముకునేవాడు. పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళూ సెలవులకి ఎక్కడ నడిచినా కాయితం డోరీన్ చేతిలోనే ఉండేది. అతను ముందు నడుస్తూ, దారి చీలినచోట వెనక్కి తిరక్కుండానే కేకేసేవాడు: "డోరీన్, ఎడమంటే ఏ చెయ్యే?" ఆమె చెప్పేది.

ఆరేళ్ళ కిందట ఈ నడకకి ఇద్దరికీ కలిపే బసలు మాట్లాడుకున్నారు. బయల్దేరే ముందు ఆదివారం పక్కింటివాళ్ళు టీకి వచ్చారు. నవ్వించడానికని డోరీన్ ఈ కుడి ఎడమల సంగతి చెప్పింది. వాళ్ళు నవ్వారు. ఇంకొంచెం చెప్పింది. ఇంకా నవ్వారు. వాళ్ళు వెళ్ళాక నార్మన్ కప్పులు కడుగుతూ, "నువ్వు లేకపోయినా నేను నడవగలను," అన్నాడు.

"అయితే ఒక్కడివే పో. వీధి చివర దాకా వెళ్తావేమో చూస్తాను," అంది డోరీన్.

పోయాడు. నాలుగో రోజు స్కార్‌బెక్ నుంచి బయల్దేరి, పొగమంచులో, పాడుబడ్డ గొర్రెల దొడ్డి దగ్గర ఎడమకి వెళ్ళాల్సినవాడు కుడికి వెళ్ళాడు. ఆ కుడి దారి గొర్రెలది. కాకుల బండ అంచు దాకా పోయి అక్కడ ఆగిపోతుంది, అవతల లోయే. ఆ చావు మీద విచారణ చేసిన అధికారి ప్రమాదమని రాసి కాయితం మడిచేశాడు. ఆవేళ కొండ మీంచి నార్మన్‌ని మోసుకొచ్చినవాళ్ళలో ఒకాయన డోరీన్ దగ్గరికి వచ్చి టోపీ తీసి, "బండ ఇంకా ఏమీ అనలేదమ్మా. అన్ననాడు పబ్బు ఐలీన్ రాస్తుంది," అని చెప్పి వెళ్ళాడు.

కాకుల బండకి ఎదురుగా నిలబడి అరిస్తే బదులు వస్తుంది, కానీ ఆ బండకి తొందర లేదు. కొన్ని కేకలు మర్నాడు తిరిగొస్తాయి, కొన్ని నలభై ఏళ్ళకి. ఒక్కసారే వస్తాయి, మళ్ళీ రావు. ఎప్పుడో చచ్చిపోయిన కాపరి వేసిన ఈల ఇవాళ వినపడితే, ఇవాళ్టి కుక్కలు కొండెక్కి, పైన ఎవరూ లేక తోకలు వేలాడేసుకుని దిగొస్తాయి. ఐలీన్ వాళ్ళమ్మ బతికుండగా కోళ్ళని పిలిచిన పిలుపు ఆవిడ పోయిన పదేళ్ళకి వచ్చింది. ఐలీన్ గుడ్డలు ఆరేస్తూ విని, ఆ పూట పబ్బు తెరవలేదు.

ఏటా కార్డులో ఐలీన్ ఒకటే వాక్యం రాసేది: "ఇంకా రాలేదు." ఆరో కార్డు అందాక డోరీన్ అటకెక్కి నార్మన్ సామాన్లలో ఉన్న దారి కాయితం కిందికి దించింది.

నాలుగో రోజు పొద్దున్న ఆమె పెట్టె మెట్ల దగ్గరికి దిగలేదు. వ్యాను నడిపే లెస్ బయటినించి హారన్ కొట్టాడు.

"లేదు నాయనా, ఇవాళ కాదు," అంది డోరీన్.

ఆవేళ, ఆ తర్వాత వారం పాటూ, ఆమె ఫ్లాస్కులో టీ పోసుకుని గొర్రెల దొడ్డికి వెళ్ళి, గోడనానుకుని సాయంత్రం దాకా కూర్చుంది. బండ చాలా మాటలే పలికింది. ఎవరో పిల్లలు పందెం వేసుకుని అరిచిన బూతులు. ఒక ఆడమనిషి "ఆల్ఫ్రెడ్, అన్నం చల్లారిపోతోంది!" అన్న కేక. ఆ ఆల్ఫ్రెడ్ తిన్నాడో లేదో. రోజూ కిందికి దిగొచ్చాక ఐలీన్ తల ఎత్తి చూసేది. డోరీన్ తల అడ్డంగా ఊపేది. ఇద్దరూ కూర్చుని సూప్ తాగేవాళ్ళు.

"వచ్చిందనుకో, ఏం వినాలని నీకు?" అని అడిగింది ఐలీన్ ఒకసారి.

డోరీన్ చెంచా కింద పెట్టింది. "నా మీద కోపంతోనే పోయాడా అని."

అలా కూర్చోవడం మొదలెట్టిన ఎనిమిదో రోజు కొండ మీద పొగమంచు దిగింది. వెళ్ళొద్దంది ఐలీన్. దారి తెలుసంది డోరీన్. దొడ్డి చేరేసరికి తన చేతులు తనకే సరిగ్గా కనపడడం లేదు. మధ్యాహ్నం ఎప్పుడో గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. బండ వైపునించి దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఆమెకి తెలుసు. తర్వాత కాయితం చదువుతున్న గొంతు, బడిపిల్లాడిలా గట్టిగా, ఒక్కో మాటా విడదీసి: "దొడ్డి, దగ్గర, ఎడమకి, తిరగండి." ఆ తర్వాత, పక్కన ఎవరూ లేరన్న సంగతి మర్చిపోయి, ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు కొద్దీ, కొంచెం నవ్వుతూ అరిచాడు:

"డోరీన్, ఎడమంటే ఏ చెయ్యే?"

ఆ గొంతులో కోపం లేదు. బదులు కోసం ఆగిన మనిషి గొంతు అది.

డోరీన్ లేచి నిలబడింది. ఫ్లాస్కు దొర్లిపోయింది. ఆరేళ్ళు ఆలస్యమైందని తెలిసీ, గుండెలు పగిలేలా అరిచింది. "అది కాదు నార్మన్! అది కుడి! రెండో చెయ్యి, మొద్దూ, రెండో చెయ్యి! గోడ పట్టుకుని ఇటు రా! ఇటు, నా వైపుకి!" గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. పొగమంచు ఆ మాటల్నన్నిటినీ మింగేసింది. బండ ఒక్క ముక్క కూడా తిప్పి చెప్పలేదు.

ఆమె పబ్బులోకి వచ్చేసరికి ఐలీన్ గ్లాసులు తుడుస్తోంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఏమన్నాడు?"

"దారి అడిగాడు."

"చెప్పావా?"

"చెప్పాను," అంది డోరీన్. కుర్చీలో కూర్చుంది. ఆరేళ్ళలో మొదటిసారి ఏడ్చింది. ఐలీన్ పబ్బు తలుపు గడియ పెట్టి, బయట ఎవరు తట్టినా తియ్యలేదు.

మర్నాడు పెట్టె వ్యానెక్కింది. మిగిలిన నడక నడవకుండానే డోరీన్ ఇంటికి వెళ్ళిపోయింది.

తొమ్మిదేళ్ళు గడిచాయి. మోకాళ్ళు అరిగాయి. కార్డులు మాత్రం ఆగలేదు, ఇప్పుడు వాటిలో వాతావరణమూ, పోయినవాళ్ళ పేర్లూ ఉండేవి. ఒక అక్టోబరు సాయంత్రం డోరీన్ టీ పెట్టుకుంటుండగా ఫోను మోగింది.

"నేను, ఐలీన్‌ని," అంది అవతలి గొంతు, బాగా ముసలిదైపోయి. "ఇక్కడ ఒక పిల్ల ఉంది. నీతో మాట్లాడతానంటోంది. ఇస్తున్నాను."

"హలో అండీ. నా పేరు బ్రయొనీ." ఇరవై ఏళ్ళుంటాయేమో, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "నేను ఒక్కదాన్నే నడుస్తున్నా. పైన పొగమంచు పట్టేసింది. ఫోన్లో దారి చూసుకుంటూ వెళ్తుంటే ఫోను చచ్చిపోయింది. ఏదో దారి కనపడితే పట్టుకుని పోతున్నా. ఇంతలో ఎవరో ఆడమనిషి నార్మన్, నార్మన్ అని తిడుతూ అరుస్తోంది. అది కాదు, రెండో చెయ్యి, మొద్దూ, అని. నా పేరు నార్మన్ కాదు కదా. అయినా మా అమ్మమ్మ తిట్టినట్టే అనిపించి కాళ్ళు ఆగిపోయాయి. కాలి ముందు రాయి ఒకటి జారింది. అది కింద పడ్డ చప్పుడు ఎంతసేపటికో గానీ వినపడలేదండీ. అప్పుడు ఆ గొంతు చెప్పినట్టే గోడ తడుముకుంటూ వెనక్కి, గొర్రెల దొడ్డి దాకా వచ్చాను. అక్కడ ఎవరూ లేరు."

డోరీన్ గోడకి ఆనుకుంది.

"ఐలీన్ గారు చెప్పారు ఆ గొంతు మీదని," అంది ఆ పిల్ల. "థాంక్స్ చెబుదామని... ఒక్క మాట అడగనా? మరి ఆ నార్మన్ గారు? ఆయన క్షేమంగా దిగారా?"

కెటిల్ కూత పెట్టి పెట్టి ఆగిపోయింది.

"లేదమ్మా," అంది డోరీన్. "నువ్వు దిగావు."

అవతల ఆ పిల్ల ఊపిరి వినపడుతోంది. డోరీన్ ఆ ఊపిరినే విని, కళ్ళు తుడుచుకుని, "తడి బట్టలు మార్చుకున్నావా?" అని అడిగింది.